తక్కువ ఖర్చుతో ఇల్లంతా ఒకే తీరుగా అలంకరించుకోవడం ఎలా

ఫ్లాటు తాళాలు చేతికి రాగానే మనలో చాలామంది గదికొక దుకాణం చొప్పున తిరగడం మొదలుపెడతాం. హాలుకు బూడిదరంగు సోఫా ఒకచోట నచ్చుతుంది, పడకగదికి ముదురు గోధుమరంగు మంచం పండుగ తగ్గింపులో దొరుకుతుంది, పిల్లల గదికి ఊదారంగు గోడ పెయింటరు సలహా మీద వచ్చి చేరుతుంది. ఏ వస్తువుకావస్తువు బాగానే ఉంటుంది గానీ, గుమ్మంలో నిలబడి చూసినప్పుడు నాలుగు ఇళ్ల ముక్కలను తెచ్చి ఒకచోట అతికించినట్టు ఉంటుంది. ఇంత చేసినా ఖర్చు తక్కువేమీ కాదు. ఇల్లంతా ఒక తీరుగా కనిపించాలంటే ఐదు విషయాలు గదిగదికీ మారకుండా కొనసాగాలన్నది నా గట్టి అభిప్రాయం: గోడల తెలుపు, కలప రంగు, లోహం, దీపాల వెలుగు, నేత గుడ్డ. ఈ ఐదింటినీ కాగితం మీద తేల్చుకున్న తరువాతే డబ్బు బయటికి తీయండి.

ముందుగా నేలను చూడండి

మీరు మార్చలేనిది, మారిస్తే బడ్జెట్ మొత్తాన్ని మింగేసేది నేల. కనుక రంగుల నిర్ణయం అక్కడి నుంచే మొదలుకావాలి. హైదరాబాదు ఇళ్లలో నేల మూడు నాలుగు రకాలుగా ఉంటుంది. పాత ఇళ్లలో నీలం కలిసిన బూడిదరంగు షాబాదు బండలు గానీ, పసుపు ఛాయ ఉన్న తాండూరు బండలు గానీ కనిపిస్తాయి. కొంత పాతబడిన అపార్టుమెంట్లలో చుక్కల మొజాయిక్ ఉంటుంది. మియాపూర్, నల్లగండ్ల, కొంపల్లి వైపు కొత్తగా వచ్చిన ఫ్లాట్లలో దాదాపు అన్నిచోట్లా మీగడరంగు విట్రిఫైడ్ టైల్సే.

ఈ మీగడరంగే అందరినీ మోసం చేస్తుంది. పగటి వెలుతురులో ఒక తెల్ల కాగితాన్ని టైలు మీద పెట్టి చూడండి. కాగితం పక్కన ఆ టైలు పసుపు వైపు మొగ్గుతోందో, గులాబీ వైపు మొగ్గుతోందో, బూడిద వైపు మొగ్గుతోందో వెంటనే తెలిసిపోతుంది. పసుపు ఛాయ ఉన్న నేల మీద నీలం కలిసిన తెల్లగోడ వేస్తే నేల మాసినట్టు కనిపిస్తుంది, గోడ ఆసుపత్రి గోడలా ఉంటుంది. షాబాదు బండలు ఉన్న ఇంట్లో కథ మరోలా ఉంటుంది. ఆ బండల చల్లని బూడిదరంగు పక్కన వెచ్చని తెలుపూ, టేకు రంగూ ఎంతో హుందాగా నిలుస్తాయి. అలాంటి ఇల్లు దొరికినవారు బండలను టైల్స్ కింద కప్పేయకుండా పాలిష్ పట్టించుకోవాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

రంగులు మూడే పెట్టుకోండి

యాదాద్రి భువనగిరి జిల్లాలోని పుట్టపాకలో నేసే తేలియా రుమాలును ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని దగ్గరగా చూడండి. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి, ముడులు కట్టి, రంగులద్ది, ఆ తరువాత నేస్తారు. సంప్రదాయంగా అందులో ఉండేవి ఎరుపు, నలుపు, తెలుపు మాత్రమే. నూలుకు రంగు ముందే పడుతుంది కాబట్టి గళ్ల అంచులు కత్తితో కోసినట్టు తెగిపోకుండా, ఒక రంగు పక్క రంగులోకి సన్నగా చెదిరినట్టు ఉంటాయి. ఇన్ని గళ్లు, ఇంత నగిషీ ఉన్నా కంటికి గజిబిజి అనిపించకపోవడానికి కారణం ఆ మూడు రంగుల కట్టుబాటే. ఇంటికీ అదే కట్టుబాటు పెట్టుకోవచ్చు.

మొదటి రంగు గోడలకు, కప్పుకు. కంటికి కనిపించే మేరలో సగానికి పైగా అదే ఉంటుంది. రెండోది కలపది, మంచాలు, బల్లలు, తలుపులు దాని కిందికి వస్తాయి. మూడోది మీకు ఇష్టమైన ముదురు రంగు. అది దిండు గలీబుల్లో, జంపఖానాలో, ఒకటి రెండు బొమ్మల్లో కొద్దికొద్దిగా మాత్రమే కనిపించాలి. ఆ మూడో రంగును షేడ్ కార్డులో వెతక్కండి. ఇంట్లో మీరు ఎన్నటికీ వదులుకోని వస్తువులో వెతకండి. అమ్మమ్మ నారాయణపేట చీరలోని మెరూన్ కావచ్చు, గడపకు పెట్టే పసుపు కావచ్చు, తాతగారి వాలుకుర్చీకి కట్టిన ముదురు ఆకుపచ్చ గుడ్డ కావచ్చు. అలా తీసుకున్న రంగు మీద రెండేళ్లకు మొహం మొత్తదు. గదిగదికీ ఈ మూడింటి పాళ్లు మార్చుకోవచ్చు. పిల్లల గదిలో ముదురు రంగు కాస్త ఎక్కువగా, పెద్దల గదిలో తక్కువగా ఉండవచ్చు. నాలుగో రంగు మాత్రం ఇంట్లోకి రానివ్వకండి.

గోడలకు రంగు

పెయింటు కంటే ముందు చెమ్మ సంగతి చూడాలి. మేడ మీద నుంచి గానీ, బాత్రూము గోడ అవతలి నుంచి గానీ నీరు దిగుతుంటే ఎంత మంచి ఎమల్షన్ అయినా ఒక్క వానాకాలంలో పొక్కులు లేచి రాలిపోతుంది. ముందు ఆ కారుతున్న చోటును బాగు చేయించి, గోడను పూర్తిగా ఆరనివ్వండి. వీలుంటే రంగుల పని ఎండాకాలంలో పెట్టుకోవడమే మేలు. పుట్టీ, ప్రైమర్ త్వరగా ఆరతాయి.

ఇల్లంతటికీ ఒకే తెలుపు ఎంచుకోండి. హాలులో ఒక గోడకు ముదురు రంగు వేయమని పెయింటరు తప్పకుండా అడుగుతాడు. ఆ ఒక్క గోడే తరువాత మీ పరదాలను, సోఫాను, బొమ్మలను శాసిస్తుందని గుర్తుంచుకుని మర్యాదగా వద్దనండి. రెండు మూడు తెలుపుల నమూనా డబ్బాలు తెచ్చి, పెద్ద అట్టముక్కల మీద రెండేసి కోట్లు వేసి, వాటిని తూర్పు గోడకూ పడమటి గోడకూ ఆనించి, ఉదయం పదింటికి, సాయంత్రం నాలుగింటికి, రాత్రి దీపం వెలుగులో చూడండి. గోడ మీదనే నమూనా వేస్తే పాత రంగు పక్కన కొత్త రంగు సరిగ్గా తెలియదు, అందుకే అట్టముక్క.

కొలత విషయంలో పెయింటరు నోటి లెక్కను నమ్ముకోవద్దు. గదుల లోపలి విస్తీర్ణానికి మూడున్నర రెట్లని ఒక అంచనా చెబుతుంటారు గానీ, అల్మరాలు, వంటింటి టైల్స్, తలుపులు, కిటికీలు ఉన్న మేర తీసేస్తే అది బాగా తగ్గుతుంది. టేపు పట్టుకుని మీరే కొలవండి. రంగంతా ఒకేసారి, ఒకే దుకాణంలో కలిపించండి. మధ్యలో అయిపోయి మళ్లీ కలిపిస్తే అదే నంబరు వేసినా కొద్ది తేడా రావచ్చు, ఆ తేడా హాలు మధ్యలో గీతలా కనిపిస్తుంది.

దీపాలు: అన్నిటికన్నా చవకైన మార్పు

ఇంట్లో ఒక్క పనికే డబ్బుందన్నా నేను దీపాలే మార్చమంటాను. బిల్డరు ఇచ్చిన ఫ్లాట్లలో తెల్లగా, నీలంగా మెరిసే 6500 కెల్విన్ దీపాలు ఉంటాయి. కొన్నిచోట్ల అవే మిగిలి, కొన్నిచోట్ల ఎవరో పసుపు బల్బు పెట్టి ఉంటారు. ఒకే గోడరంగు ఒక గదిలో నీలంగా, మరో గదిలో లేత పసుపుగా కనిపించడానికి చాలాసార్లు ఇదే కారణం. వెలుగు రంగును చెప్పే ఈ కెల్విన్ సంఖ్య బల్బు పెట్టె మీద అచ్చువేసి ఉంటుంది, అది తగ్గేకొద్దీ వెలుగు పసుపు వైపు మొగ్గుతుంది. హాలు, పడకగదులు, పూజగది, బాల్కనీ అన్నింటికీ 3000 కెల్విన్ దీపాలే తీసుకోండి. కూరగాయలు తరిగే వంటింటి గట్టు మీద, పిల్లలు చదువుకునే బల్ల మీద 4000 ఉంటే కంటికి సౌకర్యం. అదే పెట్టె మీద సీఆర్‌ఐ అనే మరో సంఖ్య కూడా ఉంటుంది. వస్తువుల అసలు రంగు ఎంత నిజంగా కనిపిస్తుందో అది చెబుతుంది. 80కి తగ్గకుండా చూసుకోండి, హాలుకు 90 దొరికితే మరీ మంచిది. నేత గుడ్డల ఎరుపు అప్పుడే ఎరుపుగా కనిపిస్తుంది.

కప్పు మధ్యలో ఒక్క దీపం వెలిగిస్తే గది మూలలు చీకటిగా, మధ్య భాగం కళ్లు జిగేలుమనేలా ఉంటుంది. సోఫా పక్కన ఒక నిలువు దీపం, మంచం పక్కన ఒక చిన్న దీపం చేర్చండి. ఇలాంటివి పెద్ద షోరూముల్లో కంటే కోఠి దగ్గరి ట్రూప్ బజార్‌లో బేరమాడి తీసుకోవచ్చు. పాత బల్బు ఒకటి వెంట తీసుకెళ్తే పిన్ను రకమా, మరరకమా అన్న తికమక ఉండదు.

కలప, లోహం

ఇంట్లో ఇప్పటికే ఉన్న కలప సామాను అంతా ఒకసారి హాలులోకి చేర్చి చూడండి. మంచం, టీవీ బల్ల, కుర్చీలు, పూజామందిరం పక్కపక్కన నిలబెడితే వాటిలో మూడు నాలుగు రంగులు బయటపడతాయి. ఎక్కువ వస్తువులు ఏ రంగులో ఉన్నాయో అదే మీ కలప రంగు. మిగిలినవాటిని దాని దారికి తేవాలి. గట్టి చెక్కకు ఇది కష్టం కాదు. పాత పాలిష్‌ను 120 నంబరు ఉప్పు కాగితంతో చెక్క గీతల వెంట మాత్రమే రుద్ది తీసేసి, మేకుల బొక్కలు పూడ్చి, 220 నంబరుతో నున్నగా చేసి, తడిగుడ్డతో ధూళి తుడిచి ఆరనిచ్చి, కావలసిన రంగు పట్టించి, పైన సీలరు రెండు పూతలు వేయించండి. గీతలకు అడ్డంగా రుద్దితే పడే గాట్లు పాలిష్ వేశాక మరింత స్పష్టంగా కనిపిస్తాయి, పక్కనే ఉండి చూసుకోండి. లామినేట్ అతికించిన ప్లైవుడ్ సామానుకు ఈ పని కుదరదు. అలాంటివాటికి గోడల తెలుపే వేయించి, అవి కంటికి ఆనకుండా చేయడం మంచిది.

కొత్తగా కావలసిన బల్లలు, కుర్చీల కోసం గురువారం జుమ్మేరాత్ బజార్‌కు గానీ, ఆదివారం ఎర్రగడ్డ సంతకు గానీ పొద్దున్నే వెళ్లండి. పాత టేకు సామాను కొనేటప్పుడు దాని రూపం కన్నా కీళ్లను ముందు చూడాలి. తిరగేసి, అతుకుల దగ్గర తట్టండి. సన్నని పొడి రాలితే పురుగు పట్టినట్టు, మట్టి గొట్టాల్లాంటి చారలు ఉంటే చెదలు తిన్నట్టు. మంచాలైతే బొక్కల్లో నల్లుల మచ్చల కోసం టార్చి వేసి చూడండి. ఇవేవీ లేకపోతే ఊగిసలాడే కాలును వడ్రంగి ఒక పూటలో బిగించేస్తాడు.

లోహం ఎంపిక మన ఇళ్లలో చాలా తేలిక. పూజగదిలో ఇత్తడి దీపపు కుందులు ఎలాగూ ఉంటాయి, అటక మీద ఇత్తడి బిందెలు, గంగాళాలు కూడా ఉండవచ్చు. అందుకని ఇత్తడినే ఇంటి లోహంగా పెట్టుకుంటే కొనవలసినవి తక్కువ. అల్మరాల పిడులు మార్చాలనుకుంటే, పాత పిడి రెండు మరల మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో కొలుచుకుని వెళ్లండి. సాధారణంగా అది 96, 128, 160లలో ఒకటి అవుతుంది. అదే కొలతలో ఇత్తడి రంగు పిడులు రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో అడిగితే, తలుపులకు కొత్త బొక్కలు పెట్టించే పని లేకుండా పాత బొక్కలకే సరిపోతాయి. పాత బిందెను చింతపండుతో తోమించి, తలుపు పక్కన నీళ్లు నింపి పూలు వేసి పెడితే, పెంబర్తి ఇత్తడి పనితనం ఉన్న ఖరీదైన వస్తువు కొనడానికి తొందర ఉండదు. అది తరువాత, డబ్బు కూడినప్పుడు, ఒక్కటే మంచిది తీసుకోవచ్చు.

పరదాలు, దుప్పట్లు, జంపఖానాలు

గుడ్డల విషయంలో ఒక్క సూత్రం పాటిస్తే చాలు: పెద్ద మేరకు సాదా గుడ్డ, చిన్న మేరకు నగిషీ గుడ్డ. పోచంపల్లి ఇక్కత్ మీద ప్రేమతో కిటికీలన్నిటికీ అదే కుట్టిస్తే కంటికి విశ్రాంతి ఉండదు. పైగా పడమటి ఎండకు రెండు వేసవుల్లోనే రంగులు వెలుస్తాయి. పరదాలకు గోడ తెలుపుకు దగ్గరగా ఉండే సాదా నూలు గుడ్డ తీసుకుని, పడమటి కిటికీలకు వెనుక తెల్లటి అస్తరు వేయించండి. ఇక్కత్‌ను దిండు గలీబులకు, మంచం కాళ్లవైపు పరిచే పొడవాటి గుడ్డకు, భోజనాల బల్ల మీద పట్టీకి వాడండి. ఆ నేత ఎంత సున్నితమో దగ్గరగా కూర్చున్నవారికే తెలుస్తుంది, అందుకే అది చేతికందే చోట ఉండాలి.

పరదా గుడ్డ లెక్క ఇలా వేసుకోండి. కిటికీ వెడల్పు 5 అడుగులు అనుకుందాం. కుచ్చు నిండుగా ఉండాలంటే దానికి రెట్టింపు, అంటే 120 అంగుళాలు కావాలి. గుడ్డ పన్నా 48 అంగుళాలైతే మూడు పన్నాలు పడతాయి. కడ్డీని కిటికీ చట్రానికి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల పైన బిగించి, పరదా నేలను తాకీతాకనట్టు దించితే గది ఎత్తుగా కనిపిస్తుంది. ఆ పొడవు 8 అడుగులైతే, పైనా కిందా మడతలకు మరో 10 అంగుళాలు కలపండి. మూడు పన్నాలకు సుమారు 8 మీటర్లు అవుతుంది. నూలు గుడ్డ ఉతికితే కుదించుకుపోతుంది కనుక 8.5 మీటర్లు తీసుకుని, కుట్టించక ముందే నీళ్లలో నానబెట్టి ఆరేయండి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోకపోవడం వల్లే చాలా ఇళ్లలో మొదటి ఉతుకు తరువాత పరదాలు నేలకు జానెడు పైన వేలాడుతుంటాయి.

హాలులో కింద పరచడానికి వరంగల్ జంపఖానా కన్నా మెరుగైనది నాకు తెలియదు. నూలుతో గట్టిగా నేసినది, రెండు వైపులా వాడుకోవచ్చు, మన ధూళికి దులపడమూ ఉతకడమూ సులభం. సోఫా ముందు కాళ్లు దాని మీదికి వచ్చేంత పెద్దది తీసుకోండి. మధ్యలో చిన్న ముక్క పరిస్తే గది చిన్నదైపోతుంది. వీటి కోసం చేనేత సహకార సంఘాల దుకాణాలకో, మాదాపూర్ శిల్పారామానికో వెళ్లవచ్చు. ఆగగలిగితే జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో మొదలయ్యే నుమాయిష్ దాకా ఆగండి. 1938 నుంచి సాగుతున్న ఆ ప్రదర్శనలో అనేక రాష్ట్రాల నేతవారి సరుకు పక్కపక్కనే ఉంటుంది కనుక చేత్తో తడిమి, పోల్చి చూసుకోవచ్చు. తీరిక ఉంటే ఒక ఉదయం పోచంపల్లి వెళ్లి మగ్గం దగ్గరే గుడ్డ చూసుకోవడం ఇంకా సంతోషకరం.

గోడల మీద, గూళ్లలో

మన ఇళ్లలో తీరు చెదిరేది ఎక్కువగా ఇక్కడే. గృహప్రవేశానికి వచ్చిన గడియారాలు, గాజు బొమ్మలు, పెళ్లి ఆల్బం ఫొటోలు, దేవుడి పటాలు అన్నీ ప్రేమతో వచ్చినవే, పారేయమని నేను చెప్పను. వాటిని ఒకేచోట చేర్చి, మూడో వంతు మాత్రం బయట ఉంచి, మిగిలినవి పెట్టెలో సర్ది, పండుగ పండుగకూ మార్చుకోండి. చుట్టాలు వచ్చినప్పుడు వారిచ్చిన వస్తువు బయట ఉండేలా చూసుకోవడం ఇల్లాలికీ ఇంటాయనకూ కూడా మర్యాదే.

ఫొటోల కొలతలు ఎన్ని ఉన్నా ఫ్రేములన్నీ ఒకే కలప రంగులో కట్టించండి. వీధి చివరి ఫ్రేముల దుకాణంలో పాత ఫ్రేముకే కొత్త పట్టీ వేయిస్తే ఖర్చు తగ్గుతుంది. బొమ్మ మధ్యభాగం నేల నుంచి సుమారు 57 అంగుళాల ఎత్తులో ఉంటే నిలబడ్డవారి చూపుకు సరిపోతుంది. మనవాళ్లు సాధారణంగా అంతకు చాలా ఎత్తున కొడతారు. చేర్యాల నకాషీ బొమ్మ, అంటే గుడ్డ మీద కథలు చిత్రించే సంప్రదాయ చిత్రం, ఒకటి పెట్టుకోవాలనుకుంటే దానికి ఒక గోడను పూర్తిగా వదిలేయండి. ఆ ఎర్రటి నేపథ్యం పక్కన ఇంకేదీ నిలవదు, నిలవనక్కర్లేదు కూడా. మొక్కలకు అన్నీ మట్టి కుండీలే వాడితే చాలు, అంతకు మించి ఆలోచన అవసరం లేదు.

అద్దె ఇల్లయితే

గోడలకు రంగు, పిడులు వదిలేయండి. దీపాలు, పరదాలు, జంపఖానా, దిండ్లు, కలప సామాను మీరు ఇల్లు మారినప్పుడు వెంట వచ్చేవే కాబట్టి డబ్బంతా వాటి మీదనే పెట్టండి. మేకులు కొట్టనివ్వని యజమాని ఉంటే బొమ్మలను బల్లల మీద గోడకు ఆనించి పెట్టవచ్చు. పరదాల పొడవును మాత్రం కొంచెం మడత ఎక్కువ ఉంచి కుట్టించండి, తరువాతి ఇంట్లో కిటికీలు ఎత్తుగా ఉండవచ్చు.

ఏది ముందు, ఏది తరువాత

అన్నీ ఒకే నెలలో పూర్తిచేయాలనుకోవద్దు. మొదట చెమ్మ, పెయింటు, వెంటనే దీపాలు, ఆ వెలుగులో కనీసం నెల రోజులు నివసించిన తరువాత పరదాలు, ఆ పైన కలప పని, చివరకు జంపఖానా, గలీబులు, బొమ్మలు. సొంత ఇల్లయితే మొత్తం బడ్జెట్‌లో మూడో వంతుకు మించి పెయింటుకు పోనివ్వకుండా, పదో వంతు దేనికీ కేటాయించకుండా పక్కన పెట్టండి. వడ్రంగి పనిలో అది తప్పక ఖర్చవుతుంది.

ఒక చిన్న పుస్తకంలో గోడరంగు నంబరు, కలిపించిన తేదీ, దీపాల కెల్విన్ సంఖ్య, పిడుల కొలత, ప్రతి కిటికీకి పట్టిన గుడ్డ మీటర్లు, కలప పాలిష్ పేరు రాసి, పరదా గుడ్డ ముక్కనూ గలీబు గుడ్డ ముక్కనూ పిన్నుతో గుచ్చి ఉంచండి. దుకాణానికి వెళ్లిన ప్రతిసారీ అది సంచిలో ఉండాలి. మిగిలిన పెయింటును గాలి చొరబడని చిన్న డబ్బాలో పోసి, మూత మీద రంగు నంబరు రాసి, ఎండ తగలని చోట పెట్టండి. స్విచ్చుల చుట్టూ, కుర్చీ వీపులు రాసుకునే చోట గోడ మాసినప్పుడు దానితోనే సరిచేయించుకోవచ్చు.